ఏటి మీద కాలవ

1852. ఎండాకాలం. గన్నవరం దగ్గర వైనతేయ పాయ చిక్కిపోయి ఇసక తిన్నెల మధ్య సన్నగా పారుతోంది. తిన్నెల మీద వరసగా నూతులు. తవ్విన నూతులు కావవి, కట్టినవి. చెక్క కడియాన్ని ఇసక మీద పరిచి, దాని మీద గుండ్రంగా గోడ లేపుతారు. లోపలికి మనిషి దిగి కాళ్ల కింద ఇసక తోడుతుంటే గోడ తన బరువుకు తానే కిందికి జారుతుంది. జారినంత మేరా పైన మళ్లీ వరసలు వేస్తారు. కొంత లోతు పోయాక నీళ్లూరతాయి. అక్కణ్ణించి ఇసక తోడాలంటే ఊపిరి బిగబట్టి మునగాల్సిందే.

“ఎంత దిగిందిరా?” పైనుంచి మేస్త్రి కేక.

“ఇంకో మూరెడు దిగాలండి. తూరుపేపుకి ఒరుగుతుందండి!”

“అయితే పడమటేపున రాళ్లెత్తండ్రా. ఒరిగిందంటే మళ్లీ మొదటికొస్తాం.”

సున్నం తట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ఆడమనిషి ఆగింది. ఏటికి అవతల ఊరు ఆమెది.

“ఏవండీ మేస్త్రీ గారూ, ఈ గోడల మీంచి నీళ్లెల్తాయంట కదండి?”

“ఎల్తాయమ్మా.”

“కింద ఏరు, పైన కాలవాండి?”

“ఆయ్.”

“మరి వరదొస్తేనండి?”

మేస్త్రి జవాబు చెప్పలేదు. ఎగువకి ఓసారి చూసి, నూతిలోకి వంగి, “కానీరా, కానీ” అన్నాడు.

మాటలు నేను అల్లినవి. పని మాత్రం అల్లింది కాదు. దానికి పెద్ద ఫెలిక్స్ థాకరే హేగ్, మద్రాసు ఇంజనీర్ల దళంలో లెఫ్టినెంటు, పాతికేళ్ల వయసు. ఆయనకి పైన ఆర్థర్ కాటన్. కట్టాల్సినవి 49 కమానులు, ఒక్కొక్కటీ 40 అడుగుల వెడల్పు. ఉన్న గడువు ఒక్క పనికాలం. గోదావరి మీద పనికాలమంటే ఏరు తగ్గిన దగ్గర్నుంచి జూలై వరద దాకా. ఈలోపు పూర్తికాకపోతే, సగం కట్టిన కమానుని వచ్చే ఏటికి దాచిపెట్టే నది కాదిది.

పటం ముందు పెట్టుకుంటే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పుకి గౌతమి, పడమటికి వశిష్ఠ. ఈ రెంటికీ నడుమ, సముద్రం దాకా ఉన్న ముక్కోణపు నేల కోనసీమ. కొత్తపేట, అమలాపురం అందులోవే. వశిష్ఠ గన్నవరం దాకా వచ్చి ఇంకోసారి చీలుతుంది. తూర్పుకి విడిపోయిన ఆ పిల్ల పాయ వైనతేయ. అది ఓడలరేవు దగ్గర సముద్రంలో పడుతుంది, వశిష్ఠ అంతర్వేది దగ్గర పడుతుంది. రెండు పాయలూ సముద్రమూ కలిసి చుట్టేసిన చెక్క రాజోలు దీవి. పాతవాళ్లు నగరం దీవి అనేవారు. తాటిపాక, నగరం, మామిడికుదురు, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి అన్నీ ఆ చెక్క మీది ఊళ్లే. 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీరులో కూడా ఈ తాలూకా పేరు నగరం దీవే.

వైనతేయకి పెద్దరికం లేదు. సప్త గోదావరుల లెక్కలో దానికి చోటివ్వలేదు. గౌతముడు, వశిష్ఠుడు, భరద్వాజుడు, కౌశికుడు, ఆత్రేయుడు, ఇలా ఋషుల పేర్లతో నడిచే ఆ జాబితాలో వినత కొడుకు పేరు కనపడదు. వశిష్ఠ నీళ్లలో కొంత దొంగిలించి తెచ్చుకున్న పాయ అని చెప్పుకునే కథ కూడా ఉంది. కోటిపల్లి గౌతమిలో, అంతర్వేది సంగమంలో మునిగినంత భక్తిగా వైనతేయలో ఎవరూ మునగరు. అప్పనపల్లి బాలబాలాజీ గుడి దాని ఒడ్డున వెలిశాక కాస్త పేరొచ్చింది గానీ అది నిన్నమొన్నటి సంగతి. అయినా రాజోలు మనిషి బతుకుని ఈ లెక్కకి రాని పాయ శాసించినంతగా పెద్ద పాయలు శాసించలేదంటాను. అది గన్నవరం దగ్గర చీలబట్టే ఈ నేల దీవి అయింది. దీవి అవబట్టే నీళ్ల మధ్యనే నీళ్లకి కటకటలాడింది.

చుట్టూ నీళ్లే కదా, కటకట ఏమిటని పై ప్రాంతం వాళ్లకి అనిపిస్తుంది. వేసవిలో ఏరు ఎగువన బక్కచిక్కితే కింద సముద్రం పైకొస్తుంది. పోటు తగిలినప్పుడల్లా ఉప్పునీరు పాయ వెంబడి ఎగదన్నుకుంటూ వస్తుంది. తీరం పక్క ఊళ్లలో ఇసక దిబ్బ మీద చెలమ తీస్తే పైన తియ్యటి నీళ్లు పడతాయి. ఆశపడి ఇంకాస్త లోతు తవ్వారా, ఉప్పు తగులుతుంది. వాననీరు ఇసకలోకి ఇంకి, తనకన్నా బరువైన ఉప్పునీటి మీద పల్చటి పొరగా తేలి నిలబడడమే దీనికి కారణం. ఆ పొర ఎంత ఉంటే అంతే వాళ్ల ఆస్తి. వాన ముఖం చాటేసిన ఏడు అదీ కరిగిపోయేది.

అలాంటి ఏళ్లు ఒకటీ రెండూ కావు. 1833 నాటి నందన కరువు గుంటూరు సీమని తినేసిందని అందరికీ తెలుసు. గోదావరి పక్కనున్న రాజమండ్రి జిల్లా కూడా ఆ రోజుల్లో తేరుకోలేదు. 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. 1821 లెక్కల్లో 7 లక్షల 30 వేలు దాటిన జిల్లా జనాభా, ఆ తర్వాతి ఇరవై ఏళ్లకి 5 లక్షల 60 వేల చిల్లరకి దిగిపోయింది. ఏటా సముద్రంలోకి పోయే గోదావరిని కళ్లారా చూస్తూ మనుషులు తిండికి మాడిన కాలం. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ ఈ జిల్లా దుస్థితి మీద నివేదిక రాశాడు, ఆ వెంటనే కాటన్ ఆనకట్ట ప్రతిపాదనతో వచ్చాడు. 1847లో ధవళేశ్వరంలో పని మొదలై 1852కి ముగిసింది.

ఆనకట్ట కథ మనకి కంఠోపాఠం. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతుక్కోవాలి. అయితే ఆనకట్ట ఒక్కటీ కట్టినంత మాత్రాన నీళ్లు చేలోకి నడిచి రావు. మధ్య డెల్టాకి నీరు బొబ్బర్లంక తూముల్లోంచి దిగి, ప్రధాన కాలవలో లొల్ల దాకా వచ్చి, అక్కడి లాకుల దగ్గర చీలుతుంది. సినిమాల్లో చూసే లొల్ల లాకులు అవే. అక్కణ్ణించి గన్నవరం కాలవ కొబ్బరి తోటల్లోంచి దిగువకి వచ్చి వైనతేయ గట్టు దగ్గర ఆగిపోవాలి. ఎదురుగా ఏరు. ఏటికి అవతల దీవి.

ఆ గట్టు మీద నిలబడి ఆలోచించండి. కాలవని ఏట్లో దింపితే తియ్యనీరు ఉప్పులో కలిసిపోతుంది. పడమటి డెల్టా వైపు నుంచి తెద్దామంటే వైనతేయకి బదులు వశిష్ఠని దాటించాలి, అది అంతకంత పెద్దది. పైగా డెల్టా వాలు మైలుకి అడుగు మాత్రమే. ఒకసారి పల్లానికి దింపిన నీటిని మళ్లీ మెరకకి ఎక్కించే యంత్రం అప్పటికి ఈ దేశపు చేలల్లో లేదు. మిగిలింది ఒకటే దారి. ఎత్తుని పోగొట్టుకోకుండా కాలవని కాలవలాగే ఏటి మీంచి నడిపించాలి.

హేగ్ చేతికి అప్పగించింది ఈ పని.

పునాది అడుగున రాయి దొరకదు. ఎంత లోతు పోయినా ఇసకే, బురదే. అందుకే ఆ నూతులు. దింపిన నూతిలో రాళ్లూ సున్నపు కాంక్రీటూ నింపేసి, దాని మీద స్తంభం లేపి, స్తంభానికీ స్తంభానికీ నడుమ చెక్కతో కమాను ఆకారం బిగించి, దాని మీద కమాను కట్టాలి. సున్నం ఆరి గట్టిపడ్డాక చెక్క విప్పాలి. ఇక్కడే ఉంది చిక్కంతా. ఈనాటి సిమెంటు కాదది. గానుగలో ఎద్దులు తిప్పి తిప్పి రుబ్బిన సున్నం. మెత్తగా రుబ్బింది రాయిలా మారాలంటే వారాలూ నెలలూ కావాలి. కూలీ ఎంతమందినైనా పెట్టొచ్చు, రాత్రుళ్లు కాగడాలు వెలిగించి పని చేయించొచ్చు, సున్నాన్ని మాత్రం తొందరపెట్టడం ఎవరి వల్లా కాదు. ఆఖరి కమాను ఎప్పుడు కట్టారన్నదాన్ని బట్టి, వరద వచ్చేసరికి దానికి ఎంత బలం ఉంటుందో తేలిపోతుంది.

పని చేసే చోట ఈ లెక్క అందరికీ తెలిసే ఉంటుంది. మృగశిర కార్తె దగ్గర పడేసరికి చూపులన్నీ ఎగువకే. పడమటి కనుమల్లో వాన కురిసిందన్న వార్త ఏ తంతి మీదా రాదు, తంతి ఇంకా లేదు. వార్త తెచ్చేది ఏరే. ముందు నీటి రంగు మారుతుంది. తేటగా ఉన్నది మట్టిరంగు తిరుగుతుంది. చెట్ల కొమ్మలు, వెదురు బొంగులు, నురగ కొట్టుకొస్తాయి. గోదారి వాళ్లు ఎర్రనీరు తగిలిందంటారే, అదన్నమాట.

“ఎర్రనీరు తగిలిందండోయ్!”

ఆ కేక ఆ జూలైలో గన్నవరం గట్టు మీద ఎవరి నోట ముందు వచ్చిందో గానీ, వచ్చి తీరింది. గోదావరి ఏ ఏడూ మానుకోదు కదా. ఇసకలో నిలబడ్డ స్తంభాలని సుడులు చుట్టుకున్నాయి. పైన కమానులు కట్టి నెలలు కూడా నిండలేదు. గట్టు మీద మేస్త్రీలు, బెస్తలు, సున్నం మోసిన ఆడవాళ్లు, వాళ్లతో పాటు లెఫ్టినెంటు, అందరూ కలిసి చేయగలిగింది చూస్తూ నిలబడడమే.

కమానులు నిలిచాయి. ఆ ఏడే కాదు, ఆ తర్వాత నూట నలభై ఏళ్లకి పైగా నిలిచాయి.

*

దీవికి నీళ్లొచ్చాక జరిగినదాన్ని చెప్పడానికి పెద్ద నాటకం అక్కర్లేదు. వరి వచ్చింది. సార్వా స్థిరపడింది, తర్వాత దాళ్వా అలవాటైంది. కాలవ గట్ల వెంబడి కొబ్బరి ఎక్కింది. కాలవలు పడవల దారులు కూడా అయ్యాయి. కొబ్బరికాయలూ ధాన్యమూ పడవల్లో గన్నవరం మీదుగా ఎగువకి వెళ్లేవి. తెరచాపకి గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ మోకు పట్టి లాగేవాళ్లు. ఏటి మీద కట్టిన కాలవలో పడవ పోతుంటే, అదే ఏట్లో కింద ఇంకో పడవ పోతుండే చోటు తెలుగు దేశంలో అప్పుడు అదొక్కటే అయి ఉంటుంది.

దేశంలో మాత్రం పోటీ ఉంది. రూర్కీ దగ్గర గంగా కాలవని సొలానీ నది మీంచి దాటించిన నీటి వంతెన అందరికీ తెలిసిన కట్టడం. 50 అడుగుల కమానులు 15, రెండు చివర్లా రాతి సింహాలు, 1854లో ఘనంగా ప్రారంభం. కట్టించిన ప్రోబీ కాట్లీకీ మన కాటన్‌కీ తర్వాతి రోజుల్లో గంగా కాలవ రూపకల్పన మీద బహిరంగంగానే పెద్ద రగడ నడిచింది. సొలానీ వెడల్పులో, హంగులో గన్నవరానికి ఎన్నో రెట్లు. అయినా రెండేళ్లు ముందు, ఏ సింహాలూ లేకుండా, 49 కమానులతో లేచిన గన్నవరం పేరు ఇంజనీర్ల పుస్తకాల గడప దాటలేదు. జర్మనీలో మాగ్డెబర్గ్ దగ్గర ఎల్బ నది మీద ఇలాంటిదే 918 మీటర్ల జలవంతెన ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే మొదలై, 1942లో ఆగి, దేశం రెండు ముక్కలై మళ్లీ ఒకటయ్యాక 1997లో తిరిగి పని మొదలై, 2003లో తెరుచుకుంది. దాన్ని చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. మన గన్నవరం మీంచి రోజూ వెళ్లే రాజోలు బస్సులో కిటికీ పక్క సీటు వాడు కూడా తల తిప్పడు.

హేగ్ ఇక్కడే ఆగిపోలేదు. ఎగువ గోదావరిని పడవ దారిగా మార్చే పథకం మీద దుమ్ముగూడెం అడవుల్లో ఏళ్లకేళ్లు గడిపాడు. అక్కడ కోయవాళ్ల మధ్య క్రైస్తవ మిషను మొదలవడానికి కారకుడయ్యాడు. జనరల్ హోదాలో రిటైరై, ముసలితనంలో ఎర్రసముద్రపు తీరాలు తిరిగి, ఏడెన్‌లో మిషను పెట్టాలని రాశాడు. ఇంజనీరు కన్నా మత ప్రచారకుడిగానే ఆయన పేరు పుస్తకాల్లో ఎక్కువ కనిపిస్తుంది. గన్నవరం సంగతి వాటిలో ఉంటే గింటే ఒక వాక్యం.

ఆ పనులన్నిటి వెనక నిలబడ్డ మన మనిషి పేరు ఒక్కటే చరిత్రలో దక్కింది. వీణెం వీరన్న, మచిలీపట్నం వాడు. ధవళేశ్వరం ఆనకట్టకి వేల మంది కూలీలని కూడగట్టి, వాళ్లకీ దొరలకీ నడుమ నిలబడి పని నడిపించిన ఓవర్సీరు. కాటన్ మెచ్చుకున్నాడు, సర్కారు రాయ్ బహదూర్ బిరుదిచ్చింది. 1867లో పోయాడు. ఆయన ఒక్కడికైనా ధవళేశ్వరంలో ఫలకం ఉంది. నూతిలో మునిగి ఇసక తోడినవాడి పేరు జీతాల చిట్టాలో ఉండే ఉంటుంది. ఆ చిట్టాలు ఎవరు దాస్తారు?

*

గన్నవరం నీటి వంతెనకి, అంటే అక్విడెక్టుకి, ఇప్పుడున్న పేరు మాత్రం దొరది కాదు, ఇంజనీరుది కాదు. వంటావిడది.

డొక్కా సీతమ్మ 1841లో మండపేటలో పుట్టింది. గన్నవరం దగ్గర కమానులు లేచేనాటికి పదకొండేళ్ల పిల్ల. జోగన్న గారిని పెళ్లాడి లంకల గన్నవరం కాపురానికి వచ్చింది. ఆ ఊరు ఎటు పోయేవాడికైనా దారిలోదే. దీవిలోకి వెళ్లాలన్నా, దీవి నుంచి రావాలన్నా అక్కడ ఏరు దాటాలి. దాటేవాడికి ఆకలి ఉంటుంది. ఏ వేళప్పుడు వచ్చినా, ఏ కులం వాడు వచ్చినా ఆ ఇంట్లో విస్తరి పడేదని చెబుతారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకం సందర్భంగా ఆవిడ చిత్రం తీయించి ఇంగ్లండుకి పంపిన కథ ప్రసిద్ధం. నాకు దానికన్నా అంతర్వేది కథ ఇష్టం.

ఆవిడకి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. ఇంట్లో పొయ్యి ఆర్పడం కుదరక ఏళ్లు గడిచాయి. చివరికి ఒకరోజు పల్లకీ ఎక్కింది. దారిలో బోయీలు అలుపు తీర్చుకోవడానికి పల్లకీ దించారు. పక్కనే పెళ్లివారి గుంపొకటి ఆగింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

“ఇంకొంచెం ఓపిక పట్టండ్రా నాయనా. గన్నవరం వెళ్లిపోయామంటే సీతమ్మ గారి ఇంట్లో కడుపునిండా భోంచేద్దాం.”

పల్లకీలోంచి మాట వినపడింది: “వెనక్కి తిప్పండి బాబూ.”

“అమ్మగారూ, అంతర్వేది అటండి.”

“తెలుసు. వాళ్లు ఇల్లు చేరేలోపు మనం చేరాలి, పదండి.”

అంతర్వేది చూడకుండానే తిరిగొచ్చిందని చెప్పుకుంటారు. సంభాషణ తరతరాలుగా మారుతూ వచ్చిందే, నేనూ నా వంతు మార్చాను. 1909లో ఆవిడ పోయింది. పాత అక్విడెక్టుకి వయసు మీద పడి, పక్కనే కొత్తది కట్టి 2000లో నీళ్లు వదిలినప్పుడు దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సర్కారు పెట్టే పేర్లలో ఇంత కుదిరిన పేరు నాకు ఇంకోటి తోచదు. దీవికి అన్నం ఆ తొట్టిలోంచే వెళుతుంది మరి. 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే.

పాత కమానులు కొత్త వంతెన పక్కన ఇంకా ఉన్నాయి. వయసొచ్చినా పడిపోలేదు, పని నుంచి తప్పుకున్నాయంతే. 1986 ఆగస్టు వాటికి పెద్ద పరీక్ష. ఆ నెల 16న ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది వరద. అంతకుముందు ఎవరూ చూడనిది, ఆ తర్వాతా ఎవరూ చూడనిది. గట్లు తెగి లంకలన్నీ ఒకే సముద్రం అయ్యాయి. పాతకాలపు సున్నంతో నాడు కట్టిన స్తంభాలు ఆ నీళ్లనీ దాటించాయి. 2022 జూలైలో మళ్లీ 25 లక్షలు దాటి వచ్చినప్పుడు పెద్దవాళ్లంతా ఎనభై ఆరునే తలచుకున్నారు.

ఒక్క పనికాలంలో కట్టిన ఆ 49 కమానుల మాటెత్తినప్పుడల్లా నాకు కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం గుర్తొస్తుంది. 57 కిలోమీటర్లు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న మన బాలయోగి గారి పూనికతో మంజూరైంది. ఆయన 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. గౌతమి మీద, వైనతేయ మీద, వశిష్ఠ మీద వంతెనలు కావాలి, నిజమే. భూసేకరణ ఉంది, నిధుల వాటాలున్నాయి, అదీ నిజమే. హేగ్‌కి ఈ తలనొప్పులు లేవు, తెల్ల సర్కారు ఎవరినీ అడిగి భూమి తీసుకోలేదు, ఒప్పుకుంటాను. అయినా పూర్తికాకుండా పాతికేళ్లు ఎక్కువే కదండీ.

*

     

నీళ్ల గాథలో చెప్పాల్సింది ఇంకా కొంత మిగిలింది. తెచ్చిన నీటికి పోయే దారి కూడా ఉండాలి. కాలవ మీద పెట్టినంత మనసు మురుగు కాలవ మీద ఎవరూ పెట్టలేదు. మైలుకి అడుగు వాలున్న నేలలో మురుగు కాలవ పూడిపోతే నీళ్లు వెనక్కే తంతాయి. పండిన సార్వా కోతకొచ్చే అక్టోబరు, నవంబరులోనే తుపాన్లూ వస్తాయి. చేలో నిలిచిన నీరు దిగక పంట కుళ్లిపోతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశం ఆశ్చర్యపోయింది. గోదావరి నీళ్లు గుమ్మం ముందుకొచ్చే రైతు నాట్లు వెయ్యననడమేమిటి? గిట్టుబాటు ధర, కూలీల ఖర్చు మొదటి కారణాలు. మురుగు కాలవల పూడిక వాటి పక్కనే ఉన్న కారణం.

ఏటా వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. ఫలానా తారీకున కట్టేస్తారని తెలియగానే శివారు ఊళ్లలో హడావుడి మొదలవుతుంది. మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఊరి మంచినీళ్ల చెరువే వేసవికి ఆధారం. తూములు కాసే లస్కర్ల చుట్టూ, ఇంజనీర్ల చుట్టూ తిరిగి, ఎగువ తూములు మూయించి, బోదెల్లో గడ్డి లాగించి, కాలవలో ఆఖరి నీళ్లతో చెరువు నింపుకుంటారు. ఒకప్పుడు ఆ చెరువుకి కాపలా ఉండేది. గొడ్డు దిగకూడదు, బట్ట ఉతకకూడదు, కాలు కడగకూడదు. కావిడి బిందెలతో ముంచుకోవడమే. ఇప్పుడు చెరువు పక్కన వడపోత మరలూ, పైన ట్యాంకూ వచ్చాయి. తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కునే ఇళ్లు ఎక్కువయ్యాయి. కానీ కుళాయిలో వచ్చేది ఆ చెరువు నీరే, చెరువులోకి వచ్చింది ఏటి మీంచి వచ్చిందే.

శివారు ఊళ్లలో పేచీ కూడా అక్కడే. ఎగువ వాడు దాళ్వాకి ఎక్కువ వాడుకుంటే దిగువ చెరువు నిండదు. తీరం పక్క రొయ్యల చెరువులు పెరిగాక, అక్కడ వదిలే ఉప్పునీరు బోదెల్లోకి చేరుతోందని చుట్టుపక్కల రైతుల గోల. పోటునీరు పైకి రాకుండా మురుగు కాలవల నోళ్ల దగ్గర పెట్టిన తలుపులు తుప్పు పట్టాయని ఇంకో గోల. నీటి సంఘం సమావేశం జరిగిన ప్రతిసారీ ఈ మూడూ పైకొస్తాయి. ముందు చెరువు నిండాలని తాగేవాళ్లు, ముందు చేను తడవాలని వేసేవాళ్లు. లస్కరు మాత్రం తూము తలుపు తాళంచెవి నడుముకి బిగించి, “పై నుంచి ఆర్డరు రావాలండి, ఆయ్” అంటాడు.